అరువు ఊపిరి

గదికి తాళం వేసి, ఆ తాళపుచెవిని గదిలోనే మరచిన మనిషి అవస్థ ఎటువంటిదో, మీట నొక్కిన తొలిక్షణంలో కంప్యూటరు అవస్థ అటువంటిది. డిస్కులో ఉన్నది చదవాలంటే చదివే విధానం తెలియాలి. ఆ విధానాన్ని నేర్పే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ డిస్కులోనే ఉంటుంది. తెలియనిదే చదవలేదు, చదవనిదే తెలియదు. ఈ చిక్కుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆంగ్లం మాట్లాడేవారు తమ భాషలోని పాత చమత్కారాన్ని ఒకదానిని ఆశ్రయించారు. కాలిజోళ్ళ పట్టీలను పట్టుకొని తనను తానే పైకి లేపుకోవడం అన్నది ఆ చమత్కారం. జోడు పట్టీకి ఆ భాషలో బూట్‌స్ట్రాప్ అని పేరు. ఆ పేరే కుదించుకొనిపోయి ‘బూట్’ అయింది. తెలుగునాట దీనికి మరొక మాట ఎవరూ వెతుక్కోలేదు. మరమ్మతు దుకాణాలలో ‘సిస్టమ్ బూట్ అవడం లేదు’ అనే వాడుక స్థిరపడిపోయింది.

చిక్కును విప్పే మార్గం మాత్రం చాలా సరళమైనది. కంప్యూటరులోని మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో, విద్యుత్తు పోయినా చెరగని కొద్దిపాటి ఆదేశాలుంటాయి. పాత యంత్రాలలో దానిని బయాస్ అంటారు. దానికి డిస్కు మొత్తాన్ని చదివే పాండిత్యం లేదు. మొదటి 512 బైట్లను మాత్రం చదువుతుంది. వాటి చివర రెండు బైట్లలో ఒక నిర్ణీతమైన ముద్ర ఉన్నదా అని చూస్తుంది. ఉంటే, అక్కడ రాసి ఉన్న ఆదేశాలకు పగ్గాలు అప్పగించి తాను తప్పుకొంటుంది. ఆ 512లో 64 బైట్లు డిస్కు విభాగాల పట్టికకు పోగా, 2 ముద్రకు పోగా, ఆదేశాలకు మిగిలేవి 446. అంత స్వల్పమైన జాగాలో పట్టిన ఆదేశాలు తమకంటె పెద్దవాటిని పిలుస్తాయి. అవి మరింత పెద్దవాటిని పిలుస్తాయి. తనకు తెలిసినది కొంచెమే అని గుర్తెరిగి, ఆ కొంచెంతోనే పని నడిపించే బయాస్ వినయం మెచ్చుకోదగినది. తరువాతి కాలపు యంత్రాలలో దాని స్థానాన్ని యూఈఎఫ్ఐ అనే విస్తృతమైన ఏర్పాటు ఆక్రమించింది గాని, ఇక్కడ చెప్పబోయే కంప్యూటరు అంత కొత్తది కాదు.

ఆ కంప్యూటరు కోనసీమలో, అమలాపురానికి దగ్గరి ఒక కాలువగట్టు ఊరిలో, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితుని ఇంట్లో ఉండేది. ఊరంతా ఆయనను మాస్టారు అనే పిలిచేవారు. ఆయన జీవితంలో సగభాగం పడవవాళ్ళ మాటలను ఏరడంలోనే గడిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత గోదావరి డెల్టాలో తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా ఉపయోగపడ్డాయి. ధాన్యం, కొబ్బరికాయలు, సున్నం, మనుషులు అన్నీ పడవల మీదే సాగాయి. లారీలు, బస్సులు వచ్చి పడవలను రేవులకు కట్టేసిన తరువాత, సరంగులతో బాటు సరంగుల మాటలు కూడా పోవడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలకు మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రకటించింది. 1971లో చేనేత పదాల కోశం వచ్చింది. ఆ రెండు సంపుటాలను చదివిన మాస్టారికి, పడవ నడిపేవాళ్ళ మాటలను కూడా ఎవరైనా ఏరకపోతే ఎట్లా అనిపించింది. ఎవరో ఎందుకని తానే ఏరడం మొదలుపెట్టారు.

సెలవు రోజులలో సైకిలు మీద లాకుల వెంట తిరిగి, ముసలి సరంగులను వెతికి పట్టుకొని, చీటీల మీద రాసుకొన్నారు. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు మాస్టారి ఇంటి పైకప్పు సగం లేచిపోయింది. చీటీల పెట్టెలో నీళ్ళు నిలిచాయి. సిరా కరిగి మాటలు నీలిమరకలయ్యాయి. చదవగలిగినవి చదివి, బతికి ఉన్న సరంగుల దగ్గరకు మళ్ళీ వెళ్ళి, పోయినవాటిలో కొన్నింటిని తిరిగి సంపాదించారు. 2006లో కంప్యూటరు కొన్నది అందుకే. నీటికి, చెదలకు అందని చోట మాటలను దాచాలన్నది ఆయన కోరిక. టైపు నేర్చుకొని, అను ఫాంట్లతో, విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఆ యంత్రంలో పన్నెండేళ్ళు ఎక్కించారు. ఎక్కించిన కొద్దీ చీటీలను పక్కన పడవేశారు. మాటలు చెప్పిన సరంగులలో ఒక్కరైనా అప్పటికి మిగలలేదు.

2021 సెప్టెంబరులో ఒక వానరాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. తెల్లవారి మీట నొక్కితే నల్లని తెర మీద ఒకే ఒక్క ఆంగ్లవాక్యం తెల్లని అక్షరాలలో నిలిచింది. ఎన్‌టీఎల్‌డీఆర్ కనబడడం లేదని దాని భావం. విండోస్ ఎక్స్‌పీలో డిస్కు మొదట ఉండే చిన్న ఆదేశాలు పిలిచే తరువాతి ఫైలు పేరు అది. పిలుపు అందింది గాని పలికేవాడు లేడన్నమాట.

దుకాణం నుండి వచ్చిన కుర్రవాడు మర్యాదస్థుడు. అయిదు నిమిషాలు చూసి, “ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తానండి. గంట పని” అన్నాడు.

“లోపలున్న ఫైళ్ళో?”

“ఏ డ్రైవులో పెట్టారండీ?”

మాస్టారికి డ్రైవులు తెలియవు. అన్నీ తెర మీదనే, కంటికి ఎదురుగా పెట్టుకొన్నారు. ఆ మాట విని కుర్రవాడు తల గోక్కున్నాడు. “డెస్క్‌టాప్ మీదంటే సీ డ్రైవే కదండీ. అవి పోతాయండి” అన్నాడు. మర్నాడు చెబుతానని మాస్టారు అతనిని పంపించివేశారు. ఆ పూట ఆయన భోజనం చేయలేదు.

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మనుమరాలు ఆ రోజులలో అక్కడే ఉంది. తరగతులు ఇంటినుండే జరుగుతున్నందువల్ల హైదరాబాదు నుండి తల్లితోబాటు తాతగారింటికి వచ్చింది. ఇంట్లో పనిచేస్తున్న కంప్యూటరు తల్లిదొక్కటే, అది మ్యాక్. తల్లి ఉద్యోగమంతా దాని మీదే నడుస్తుంది. డిస్కును ఊడదీసి ఆ మ్యాక్‌కే తగిలించవచ్చు గదా అన్న ప్రశ్న సహజమైనది. ఆ మార్గం మంచిదే. కాని మాస్టారి డిస్కు వెడల్పాటి పట్టీ తీగతో పనిచేసే పాతరకం. దానిని మ్యాక్‌కు కలిపే సాధనం అమలాపురంలో వెతికినా దొరకలేదు.

పిల్లకు మరొక ఉపాయం తోచింది. కంప్యూటరుకు సొంత ఊపిరి ఆగిపోయినప్పుడు బయటినుండి అరువు ఊపిరి ఇవ్వవచ్చునని ఆమె ఎక్కడో చదివింది. ఫిన్లండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్స్ చుట్టూ అల్లుకొన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎవరైనా నకలు చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. 2000లో జర్మనీకి చెందిన క్లావుస్ క్నోపర్ విడుదల చేసిన క్నాపిక్స్, లినక్స్ మొత్తాన్ని ఒక సీడీ నుండే నడిపించి చూపింది. హార్డ్‌డిస్కును తాకదు, మెమరీలోనే బతుకుతుంది, ఆపివేస్తే గుర్తు లేకుండా పోతుంది. దానిని లైవ్ పద్ధతి అంటారు. తరువాత సీడీ స్థానంలో పెన్‌డ్రైవ్ వచ్చింది. అటువంటి పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేస్తే, మూగబోయిన విండోస్‌తో పనిలేకుండా తాతగారి డిస్కులోకి తొంగిచూడవచ్చు. దానిని తయారు చేయడానికి చేతిలో ఉన్నది మాత్రం విండోస్ కాదు, లినక్స్ కాదు, మ్యాక్.

మొదటి ప్రయత్నం పసితనంతో కూడినది. ఉబుంటు అనే లినక్స్ ఐఎస్ఓ ఫైలును దిగుమతి చేసి, పాటను ఎక్కించినట్టుగా పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలింది. పాత కంప్యూటరుకు తగిలించి మీట నొక్కితే అదే నల్లని తెర, అదే వాక్యం. ఐఎస్ఓ అన్నది ఒక ఫైలు కాదు, ఒక డిస్కు మొత్తానికి తీసిన అచ్చు. అందులో ఏ బైటు ఎన్నవ చోట ఉండాలో ఆ చోటనే ఉంటుంది. దానిని పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలుగా దాచితే, మొదటి 512 బైట్లలో ఉండవలసిన ఆదేశాలు ఎక్కడో నడుమ మూటకట్టి పడి ఉంటాయి. బయాస్ మొదటి ఆకు తిరగేసి, తనకు కావలసినది కనబడక ముందుకు సాగిపోతుంది. ఉత్తరాన్ని కవరులో పెట్టడం వేరు. చిరునామాను కవరు మీద రాయడం వేరు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. సీడీల కోసం 1988లో స్థిరపడిన ఐఎస్ఓ 9660 అనే పద్ధతిలో మొదటి 32 కిలోబైట్లను ఖాళీగా వదలివేశారు. సీడీకి వాటితో పని లేదు. తరువాతి వారు ఆ ఖాళీలోనే డిస్కులకు కావలసిన 512 బైట్ల ఆదేశాలను రాయడం మొదలుపెట్టారు. దానితో ఒకే అచ్చు సీడీగా చూసినవారికి సీడీ, డిస్కుగా చూసినవారికి డిస్కు అయింది. తాళపత్ర గ్రంథాలకు ముందూ వెనుకా రాయని ఆకులను రక్షణగా కట్టేవారు. ఆ ఆకు మీద తరువాతి తరంవారు ఎవరో వచ్చి గ్రంథం పేరు రాసిపెట్టడం వంటిదే ఇదీ.

రెండవ రోజు ఆమె అచ్చును అచ్చుగా ఎక్కించడానికి పూనుకొన్నది. మ్యాక్‌లో టెర్మినల్ అనే కిటికీ ఉంటుంది. అందులో బొమ్మలు లేవు, మాటలే. డీడీ అనే రెండక్షరాల ఆదేశం ఒకచోట ఉన్న బైట్లను యథాతథంగా మరొకచోట రాస్తుంది. ఎక్కడి నుండి, ఎక్కడికి అన్న రెండే ప్రశ్నలు అడుగుతుంది. ‘నిజంగా రాయమంటావా’ అని మూడో ప్రశ్న అడగదు. రాయమన్న చోట అంతకుముందు ఏమున్నదో చూడదు. దాని శక్తీ అదే, ప్రమాదమూ అదే. మ్యాక్ ప్రతి డిస్కుకూ ఒక అంకె ఇస్తుంది. ముందురోజు పెన్‌డ్రైవ్ ఒక్కటే తగిలించి చూసినప్పుడు దాని అంకె 2 అని ఆమె నోటుపుస్తకంలో రాసుకొన్నది. ఆ అంకెతోనే ఆదేశం మొత్తం టైపు చేసింది. ఎంటర్ నొక్కబోయే ముందు, ఎందుకైనా మంచిదని, డిస్కుల జాబితాను మరొకసారి అడిగింది.

డిస్కు 2 పక్కన ఒక టెరాబైటు అని ఉంది. పెన్‌డ్రైవ్ 16 గిగాబైట్లే. అది డిస్కు 3గా మారింది.

ఆ ఉదయం తల్లి తన ఉద్యోగపు ఫైళ్ళ నకలు తీసుకోవడానికి బ్యాకప్ డిస్కును తగిలించి, తీయడం మరచింది. ఆ అంకెలు డిస్కులకు పుట్టుమచ్చలు కావు. వచ్చినవారికి వచ్చిన వరుసలో ఇచ్చే చీటీలు. పిల్ల చేతులు కీబోర్డు మీదనుండి తీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. వెనుక పడకకుర్చీలో ఉన్న మాస్టారు ఏమయిందని అడిగారు. చెప్పింది.

“తాతయ్యా, అంకె 3 అని మార్చి కొట్టేయనా?”

“ఆ రెండోదానిని అక్కడినుంచి తీసెయ్యి అమ్మలూ. ఒక్కటే మిగిలితే పొరపాటుకు చోటెక్కడుంటుంది?” అన్నారాయన.

బ్యాకప్ డిస్కును జాగ్రత్తగా వేరు చేసి, బీరువాలో పెట్టి, పెన్‌డ్రైవ్‌ను తీసి మళ్ళీ తగిలించింది. ఈసారి అది తిరిగి 2 అయింది. నోటుపుస్తకంలోని అంకె తప్పు కాదు. కాని సరైనదని తెలియకుండా వేసిన సరైన అంకెను నమ్మడానికి వీలులేదు. జాబితాను మూడోసారి చూసి, పరిమాణం చూసి, పెన్‌డ్రైవ్ పేరు చూసి, అప్పుడు ఎంటర్ నొక్కింది.

డీడీ పని చేస్తున్నంతసేపు ఏమీ మాట్లాడదు. తెర మీద కదలిక ఉండదు. కంట్రోల్, టి మీటలు కలిపి నొక్కితే మాత్రం ఇప్పటికి ఇన్ని బైట్లు రాశానని ఒక వరుస చెప్పి మళ్ళీ మౌనం వహిస్తుంది. కొంతసేపటికి పని ముగిసింది. ముగిసిన మరుక్షణం మ్యాక్ ఒక హెచ్చరికను తెర మీదకు తెచ్చింది: తగిలించిన డిస్కును ఈ కంప్యూటరు చదవలేదట. కింద మూడు మీటలు. డిస్కును కొత్తగా సిద్ధం చేయమంటావా, పట్టించుకోకుండా ఉండమంటావా, బయటకు తీయమంటావా అని. ఈ చోట చాలామంది పని చెడిపోయిందనుకొని మొదటిదానిని నొక్కుతారు. నొక్కి ముందుకు సాగితే రాసినదంతా చెరిగిపోతుంది. నిజానికి పని చెడలేదు. ఆ పెన్‌డ్రైవ్ మీద ఉన్న అమరిక మ్యాక్‌కు తెలిసినది కాదు. తన చేతితోనే రాసినదానిని తాను చదవలేకపోతున్నది, అంతే.

ఈ మాట పిల్ల చెప్పగా మాస్టారు ఆశ్చర్యపడలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను జీతానికి పెట్టుకొని తెలుగు గ్రంథాలకు నకళ్ళు రాయించాడు. అటువంటి నకళ్ళు లేకపోతే ఈనాడు చదువుకొంటున్న కావ్యాలలో ఎన్ని మిగిలేవో చెప్పడం కష్టం. నకలు రాసే ప్రతివాడికీ కావ్యం అర్థం కావాలన్న నియమమేదీ లేదు. అర్థమైనదనుకొన్న లేఖకుడు తనకు తోచిన దిద్దుబాట్లు చేసి పాఠాన్ని పాడు చేసిన సందర్భాలు పాఠపరిష్కర్తలకు బాగా తెలుసు. అర్థం కానివాడు ఉన్నదున్నట్టు గీశాడు. “మీ డీడీ రెండో రకంవాడన్నమాట” అన్నారు మాస్టారు. రెండు రోజులకు ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పాత కంప్యూటరు బయాస్‌లోకి వెళ్ళి, హార్డ్‌డిస్కుల వరుసలో పెన్‌డ్రైవ్‌ను మొదటికి తెచ్చి, మీట నొక్కారు. ఈసారి బయాస్ పెన్‌డ్రైవ్‌ను గుర్తించింది. ఆదేశాలు మేల్కొన్నాయి. మేల్కొని, ఈ సిస్టమ్‌కు 64 బిట్ల ప్రాసెసరు కావాలి, ఇక్కడున్నది పాతరకమని చెప్పి ఆగిపోయాయి. ఉబుంటు 2017 అక్టోబరులో వచ్చిన 17.10 నుండి 32 బిట్ల యంత్రాలకు డెస్క్‌టాప్ అచ్చులను విడుదల చేయడం మానివేసింది. వచ్చినది సరైన ఊపిరే గాని, ఆ ఊపిరితిత్తులకు పట్టేది కాదు.

అప్పటికి కూడా 32 బిట్ల యంత్రాలను విడిచిపెట్టనివారు కొందరున్నారు. 1993 నుండి స్వచ్ఛందసేవకులు నడుపుతున్న డెబియన్ వారిలో ఒకరు. ఆ ఆగస్టులోనే వారి 11వ విడుదల వచ్చింది. పాత యంత్రాలకు లైవ్ అచ్చు కూడా అందులో ఉంది. ఊరిలో నెట్ వానకు ఆగుతూ, సాగుతూ ఉండడం వల్ల దిగుమతికి రాత్రంతా పట్టింది. నడుమ ఎన్నిసార్లు తెగిందో తెలియదు. వచ్చినది పూర్తిగా వచ్చిందా? ఒక బైటు అటూ ఇటూ అయిందా? దీనికి మార్గముంది. ఫైలులోని బైట్లన్నింటినీ ఒక గణితప్రక్రియలో నడిపితే 64 చిహ్నాల వరుస ఒకటి వస్తుంది. దానిని ఎస్‌హెచ్ఏ 256 అంటారు. తయారు చేసినవారు ఆ వరుసను ముందే ప్రకటిస్తారు. మ్యాక్‌లో లెక్కించి చూసినప్పుడు అదే వరుస వస్తే ఫైలు యథాతథంగా చేరినట్టు.

మనుమరాలు తెర మీది వరుసను పైకి చదువుతుంటే, ప్రకటించిన వరుసను కాగితం మీద పెట్టుకొని మాస్టారు వేలితో గుర్తు పెట్టుకొంటూ పోయారు. “ఇది మాకు కొత్తదేమీ కాదు” అని చెప్పారు. పూర్వం 32 అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కించి, కృతి చివర ఇన్ని గ్రంథాలని సంఖ్య వేసేవారు. లేఖకుని కూలి ఆ లెక్కనే. ఆకులేమైనా జారిపోయాయా అన్న పరీక్షా ఆ లెక్కనే. అయితే గ్రంథసంఖ్య పొడవును మాత్రమే చెబుతుంది. ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం పడితే దానికి తెలియదు. ఈ కొత్త లెక్కలో ఒక్క బిట్టు మారినా వరుస మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ సంగతి తెలుసుకొని మాస్టారు కొంతసేపు ఆలోచించి, “మా లేఖకుల మీద ఇటువంటి కాపలా ఉంటే మాకు పాఠాంతరాల మీద ఇన్ని పోట్లాటలుండేవి కావు” అన్నారు. ఆ పోట్లాటలు లేకపోతే పండితులకు పొద్దు ఎట్లా గడిచేదో ఆయన చెప్పలేదు.

వరుసలు కలిశాయి. మళ్ళీ జాబితా, మళ్ళీ పరిమాణం, మళ్ళీ డీడీ మౌనం, మళ్ళీ మ్యాక్ హెచ్చరిక. ఈసారి పెన్‌డ్రైవ్‌ను బయటకు తీయమన్న మీటను తాతగారే నొక్కారు.

పాత కంప్యూటరు తెర మీద మొదట ఒక పట్టిక, తరువాత తెల్లని అక్షరాల వరుసలు కిందినుండి పైకి పారాయి. ఆ పారుదల ఆగి తెర నల్లబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పెన్‌డ్రైవ్ మీది చిన్న దీపం మాత్రం మినుకుమంటున్నది. అయిదో నిమిషంలో కిటికీలు, బొమ్మలు ఉన్న తెర వచ్చింది. అది విండోస్ తెర కాదు.

“ఇది నా డిస్కు మీద ఏమైనా రాస్తున్నదా?” అన్నది మాస్టారి మొదటి ప్రశ్న.

“లేదు తాతయ్యా. ఇదంతా మెమరీలోనే ఉంది. నీ డిస్కును చదవడానికే తెరుస్తాను, రాయడానికి తెరవను.”

తెరిచింది. మాస్టారి పేరుతో ఉన్న సంచిక, దానిలో డెస్క్‌టాప్, దానిలో ‘పడవ’ అనే సంచిక. లోపల 56 ఫైళ్ళు వరుసగా ఉన్నాయి. మొదటిదానిని తెరవగానే మాస్టారు ముఖం తిప్పుకొన్నారు. తెర నిండా ఎవరికీ అర్థం కాని గీతలు, నెత్తిన చుక్కలున్న రోమను అక్షరాలు, అక్కడక్కడ నాణేల గుర్తులు. పన్నెండేళ్ళు టైపు చేసినది ఆ రూపంలో కనబడితే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది.

కాని అది ధ్వంసం కాదు. యూనికోడ్ వాడుక ఇంటింటికీ రాకముందు, అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను రోమను అక్షరాలకు కేటాయించిన గళ్ళలోనే కూర్చోబెట్టేవారు. ఫాంటు ఉన్నచోట అది తెలుగు. లేనిచోట రోమను గందరగోళం. లోపలి బైట్లు రెండుచోట్లా ఒకటే. మనుమరాలికి ఈ సంగతి తెలియదు, తెలిసినది తాతగారికే. ఒకసారి ప్రెస్సులో ఇటువంటిదే చూసిన జ్ఞాపకం వచ్చి, కళ్ళు తుడుచుకొని, “ఫాంటు లేదమ్మా, అంతే. అదీ ఈ డిస్కులోనే ఎక్కడో ఉండాలి” అన్నారు. విండోస్ సంచికలో ఫాంట్ల సంచిక దొరికింది. కావలసిన ఫాంటును నకలు చేసి లినక్స్‌కు ఇచ్చి, ఫైలును మళ్ళీ తెరిచింది. ఒకటి రెండు చోట్ల ఒత్తులు చెదిరినా, తెర మీద తెలుగు నిలిచింది. ‘గెడ’ అన్న మాట దగ్గర తెరుచుకొన్నది. లోతులేని నీటిలో పడవను తోయడానికి వాడే పొడవాటి కర్ర అని అర్థం. దాని కింద, ఆ మాట చెప్పిన మనిషి ఊరు, వయస్సు, చెప్పిన తేదీ. చెప్పేటప్పుడు ఆ ముసలి సరంగు గెడ లేకుండానే లేచి నిలబడి భుజంతో తోసి చూపించాడని మాస్టారు చెప్పారు. అది ఫైలులో లేదు.

రెండవ పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళు, ఫాంటు రెండూ ఎక్కాయి. దానినుండి మ్యాక్‌లోకి, మ్యాక్‌నుండి తల్లి బీరువాలో దాచిన బ్యాకప్ డిస్కులోకి చేరాయి. మ్యాక్‌లో తెరిస్తే మళ్ళీ రోమను గందరగోళమే కనబడింది గాని, ఈసారి ఎవరూ బెదరలేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని ముందున్నది. అది నెలల పని. మార్చిన ప్రతి మాటనూ తాతా మనుమరాలూ కూర్చొని సరిచూడవలసిందే.

మరునాడు ఉదయం దుకాణం కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. తడిసిన గొడుగును అరుగు మీద ఆనించి, “ఫార్మాట్ కొట్టేయమంటారాండీ?” అని అడిగాడు.

“ఒక్క నిమిషం ఆగు నాయనా” అన్నారు మాస్టారు. మనుమరాలు మ్యాక్ ముందు కూర్చొని సంచిక తెరిచి, ఒక్కొక్క ఫైలు పేరూ చదివింది. ఆయన పాత పద్ధతిలో వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకొన్నారు. యాభై నాలుగు, యాభై అయిదు, యాభై ఆరు. మళ్ళీ ఒకసారి చదవమన్నారు. రెండోసారి కూడా 56 వచ్చిన తరువాత, గుమ్మంలో నిలబడి ఉన్న కుర్రవాణ్ణి లోపలికి రమ్మన్నారు.